ఆదివారం షుగర్ పెన్ను

ల్యాబ్ టెక్నీషియన్ ముఖం ఎవరికీ గుర్తుండదు. రక్తం తీస్తున్నంతసేపూ అందరూ గోడ వంకో ఫ్యాను వంకో చూస్తారు. రిటైరయ్యాక ఓ రోజు పండరీ బట్టల బజారులో చీరలు బేరం చేస్తుంటే, పక్కనున్న పెద్దావిడ నా గొంతు విని గిరుక్కున తిరిగి, "ఆప్ సూయీవాలీ దీదీ హో న?" అంది. సూది అక్క! ఇన్నేళ్ళ ఉద్యోగానికి నాకు దక్కిన బిరుదు అదే. చిన్నతనం అనిపించలేదు సరికదా, ఆ ఉత్సాహంలో ఇంకో చీర తీశాను.

ఈమధ్య మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చి, "మేడమ్, మీ అనుభవాలు రాసిపెట్టండి" అన్నారు. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, దానికెవరు అడ్డుపడ్డారు అన్నది మీకు అక్కర్లేదు. మెషీన్ల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. నా దగ్గర చెప్పదగ్గ కథలు రెండున్నాయి. మొదటిది నా వేలికి గుచ్చుకున్న సూది గురించి. రెండోది ఇరవై రెండు మంది వేళ్ళకి గుచ్చుకున్న సూది గురించి. ఆ రెండోదాంట్లో తప్పు నాదే కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

పేర్లు మార్చాను. ఇందులో కనిపించే ఇద్దరు పెద్దవాళ్ళూ "రాయమ్మా, పదిమందికీ తెలవాల" అన్నాకే కలం పట్టుకున్నాను.

దాచిన సూది

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులు. రాయపూర్‌లో నేను పనిచేసిన ఆస్పత్రి ల్యాబ్‌కి తివారీ సార్ పెద్ద డాక్టరు. స్లైడ్ మీద చిన్న మరకుంటే చెత్తబుట్టలోకి విసిరేసేవారు. ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే మేం టీ గ్లాసులు బల్ల కింద దాచేవాళ్ళం.

రక్తం తీశాక సూదికి మళ్ళీ మూత పెట్టడం అప్పట్లో మా అందరి అలవాటు. మాకు నేర్పినవాళ్ళే అలా నేర్పారు. ఓ మధ్యాహ్నం భన్‌పురి ఫ్యాక్టరీలో కాపలా ఉండే ముసలాయనకి రక్తం తీసి, మూత పెట్టబోతుంటే సూది నా ఎడమ బొటనవేలిలో దిగింది. ఉక్కగా ఉందని గ్లవ్స్ విప్పేసి ఉన్నాను. సబ్బుతో కడిగేసుకుని పనిలో పడ్డాను. సాయంత్రం ఆయన రిపోర్టు వచ్చింది. హెపటైటిస్ బి పాజిటివ్.

నేను దాని టీకా మూడు డోసులకిగాను ఒక్కటే వేయించుకున్నాను. రెండోది వేస్తే జ్వరమొస్తుందని రేపు, ఎల్లుండి అంటూ జరిపేశాను. రక్తంతోనే బతికే మనిషిని, టీకాకి బద్ధకించాను. ఇప్పుడా సంగతి బయటపడితే తివారీ సార్ చెత్తబుట్టలోకి నన్నే విసిరేస్తారని నోరు మూసుకున్నాను. ఇంటికెళ్ళి నా కంచం, గ్లాసు వేరుగా పెట్టుకున్నాను. ఆ జబ్బు కంచంతో రాదని పుస్తకంలో చదివినదాన్నే, అయినా నాలుగేళ్ళ కూతుర్ని దగ్గరికి రానివ్వలేదు. అమ్మ అడిగితే జలుబన్నాను.

మర్నాడు సాయంత్రం వరకు ఓర్చుకుని, ఇక లాభం లేదని సార్ గదిలోకెళ్ళి చెప్పేశాను. ఆయన నా వంక చూడలేదు. గోడ గడియారం వంక చూశారు. సూది గుచ్చుకుని ఎన్ని గంటలైందో లెక్కేసి, ఫోనెత్తి ఎవరితోనో గట్టిగా మాట్లాడి, అరగంటలో, క్రిమిని వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ తెప్పించారు. ఒక చేతికి అది, రెండో చేతికి టీకా వేయించారు. అప్పుడు తిట్టారు. తిట్టి తిట్టి చివర్లో అన్న మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

"సూయీ చుభ్‌నా హాద్‌సా హై. ఛుపానా గల్తీ హై."

గుచ్చుకోవడం ప్రమాదం, దాచడం తప్పు. ఆరు నెలల తర్వాత ఆఖరి పరీక్షలో ఏమీ లేదని తేలిన రోజు ఆయనే అటుకుల పోహా, జిలేబీ తెప్పించారు. నేను కూర్చుని ఏడ్చాను, ఆయన జిలేబీ తిన్నారు.

మీకు చాలామంది బాస్‌లు తగులుతారు. ఎంత తీయగా మాట్లాడినా సరే, కిందివాళ్ళు సూది గుచ్చుకున్న సంగతి చెప్పడానికి భయపడుతుంటే ఆయన మంచి బాస్ కాడు. తివారీ సార్ నోరు మంచిది కాదు. కానీ ఆ రోజు తర్వాత మా ల్యాబ్‌లో ఎవరికి సూది గుచ్చుకున్నా పది నిమిషాల్లో ఆయన గదిలో ఉండేవాళ్ళు.

గార్డు బాబాయ్ ఆదివారం

మా తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి రైలు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు మావి. మా రైల్వే కాలనీలో ఒక చిన్న హాలుంది. ఆదివారం పొద్దున్న తెలుగు పెద్దవాళ్ళంతా అక్కడ చేరతారు. ముందు షుగర్ పరీక్ష, తర్వాత ఇడ్లీ, ఆ తర్వాత ఎవరి కోడలు ఎలాంటిదో ఒక చర్చ. మొదటిది నా పుణ్యమేనని చాలా ఏళ్ళు గర్వపడ్డాను.

షుగర్ చూసే మెషీను, దాంతోపాటు వేలికి గుచ్చే పెన్నూ నేనే కొనిచ్చాను. పెన్ను మూత తీసి చిన్న సూది పెట్టి, మళ్ళీ మూత బిగించి, వేలికి ఆనించి నొక్కితే టక్కున గుచ్చుతుంది. దాని బాధ్యత గార్డు బాబాయ్‌కి అప్పగించాను. ఆయన పేరు అప్పలనాయుడు. మా నాన్నతోపాటు రైల్వేలో చేసి, గూడ్సు బండి గార్డుగా రిటైరైన మనిషి. డెబ్భై దాటినా ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎనిమిది కొట్టేసరికి హాలు తలుపు తీసేవాడు. పది నిమిషాల్లో పని నేర్పి, "మనిషికో సూది మార్చాలి బాబాయ్" అని గట్టిగా చెప్పాను. నెలనెలా వంద సూదుల డబ్బా నేనే తెచ్చిచ్చేదాన్ని.

ఒక్క మాట చెప్పలేదు. సూది మార్చినా సరే, ఆ పెన్ను ఒక్క మనిషికే ఉండాలని. మూత అంచుకి నెత్తురంటుకుంటుంది. కంటికి కనిపించనంత నెత్తురు చాలు, అది ఎండిపోయినా హెపటైటిస్ బి క్రిమి వారం రోజులు బతికుంటుంది. ఎందుకు చెప్పలేదంటారా? నాకే తట్టలేదు. ల్యాబ్‌లో ఎవరికి వారికి కొత్త సూది వాడి పారేసేదాన్ని, కాలనీలో పెన్ను పంచిపెట్టాను. ఇల్లనేసరికి చదువు గుమ్మం బయటే ఆగిపోయింది.

బాబాయ్‌కి ఒక అలవాటుండేది. కొత్తగా వచ్చినవాళ్ళు భయపడకుండా ప్రతి ఆదివారం ముందు తన వేలికే గుచ్చుకునేవాడు. "సూడండి, చీమ కుట్టినట్టు కూడా నేదు" అని నవ్వి, తర్వాత మిగతా వాళ్ళని పిలిచేవాడు. ఆ వరసలో రెండో చెయ్యి ఎప్పుడూ సూరమ్మత్తది. ఎనభైకి దగ్గరపడిన మనిషి. ఎంగిలి విషయంలో ఆవిడంత పట్టింపు నేనెక్కడా చూడలేదు. హాలుకి తన గ్లాసు తానే తెచ్చుకునేది. ఆ సొంత గ్లాసుని కూడా పెదవికి తగలనివ్వకుండా ఎత్తి పోసుకునేది. పక్కవాళ్ళ ఇడ్లీ ప్లేటు మీదుగా చెయ్యి చాపినా ఊరుకునేది కాదు. అలాంటావిడ వేలు మాత్రం నిశ్చింతగా చాచేది.

నిండుగా ఉన్న డబ్బా

బాబాయ్‌కి కంటి శుక్లం ఆపరేషన్ చెయ్యాలన్నారు. హోలీ అయిన కొత్తలో. ముందు చేసే రక్తపరీక్షలు మా ల్యాబ్‌కే వచ్చాయి. హెపటైటిస్ బి పరీక్ష పట్టీ మీద రెండు గీతలు పడ్డాయి, అంటే పాజిటివ్. సీసా మీద పేరు చూశాను. రెండోసారి చేశాను. మళ్ళీ రెండు గీతలే.

పేషెంటు ఫలితం మన నోటి నుంచి బయటికి రాకూడదు. నేను ఎవరికీ చెప్పలేదు. తివారీ సార్‌కి కాగితం అందించి వచ్చేశాను. అప్పటికి నా మనసులో ఉన్నది ఒక్క బాబాయ్ బెంగే. మిగతావాళ్ళ గురించి భయం లేదు, సూదులు మారుస్తున్నారు కదా అనుకున్నాను. అయినా ఎందుకో ఇంటికెళ్తూ హాలు దగ్గర ఆగి, తాళం తీయించి, బీరువాలో సూదుల డబ్బా తెరిచాను.

దసరాకి తెచ్చిచ్చిన డబ్బా అది. ఆ తర్వాత అమ్మకి ఒంట్లో బాగోక నేను హాలుకి వెళ్ళడం మానేశాను. ఇరవై రెండు మందికి మనిషికో సూది చొప్పున వాడితే వంద సూదులు ఐదు వారాలు కూడా రావు. అయిదు నెలలైంది, డబ్బా ముప్పాతిక వంతు నిండుగా ఉంది. డబ్బా పట్టుకుని అక్కడే బల్ల మీద కూర్చున్నాను. బాబాయ్ ఇన్ని నెలలుగా సూదులు అడగకపోతే, ఒక పని తప్పిందని సంతోషించాను తప్ప ఎందుకు అడగడం లేదని ఒక్కసారైనా అనుకోలేదు.

ఆయన ఇంటికెళ్ళి మామూలుగా అడిగినట్టు అడిగాను.

"ఆదివారానికి ఒక సూది సాలదేటమ్మా?" అన్నాడు బాబాయ్. "మీయమ్మకి బాగోనేదు, నువ్వే పరేషాన్‌లో ఉన్నావు. మళ్ళీ సూదులని నిన్నేటి అడుగుతాం? ఒకరికి గుచ్చగానే స్పిరిట్ దూదితో సుబ్బరంగా తుడిసేస్తన్నాను. ఫికర్ మత్ కర్, బెంగెట్టుకోకు."

నా మీద జాలితో చేసిన పని అది. తుడిస్తే సూది కొత్తదైపోదని అప్పుడాయనకి చెప్పలేకపోయాను. ప్రతి ఆదివారం మొదటి వేలు ఆయనది. ఆ వెనక అదే సూది, అదే పెన్ను, ఇరవై ఒక్క మంది. వాళ్ళలో మా అమ్మ లేదు. ఆ సంగతి తట్టి ఒక్క క్షణం నాకు తేలికైంది, వెంటనే సిగ్గేసింది.

మర్నాడు తివారీ సార్ ముందు కూర్చుని నా ఉపాయం చెప్పాను. కాలనీలో హెల్త్ క్యాంప్ అని పెడదాం, అందరి రక్తం తీసి ఈ పరీక్షలు కూడా కలిపేద్దాం, ఏమీ లేకపోతే ఎవరికీ తెలియాల్సిన పని లేదు. ఎంత చక్కటి ఉపాయమో! సార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"బొటనవేలు బాగుందా?" అని మాత్రం అడిగారు హిందీలో.

ఆ మాటతో నా ఉపాయం అక్కడే వదిలేశాను.

వెనక్కి నడవడం

ఆ సాయంత్రమే సార్ బాబాయ్‌ని పిలిపించి ఫలితం చెప్పారు. నేనుండాలని బాబాయ్ కోరాడు. ఇది ఈమధ్య వచ్చింది కాదు, చాలా ఏళ్ళుగా ఒంట్లో ఉన్నట్టుంది, ఎలా వచ్చిందో ఇప్పుడు చెప్పలేం, లివర్ మాత్రం చూపించుకుంటూ ఉండాలి అని సార్ వివరించారు. బాబాయ్ తల ఊపుతూ విన్నాడు. తర్వాత నేను సూది సంగతి చెప్పాను. పెన్ను విషయంలో తప్పు నాదని కూడా చెప్పాను.

ఆయన తన వేలి కొన చూసుకున్నాడు. "నానే ముందు గుచ్చుకునీవోడిని" అన్నాడు మెల్లగా.

"మీ పేరు చెప్పక్కర్లేదు బాబాయ్. పెన్ను అందరూ వాడారు కాబట్టి అందరూ పరీక్ష చేయించుకోవాలని నేను చెప్తాను. తప్పు నాదని చెప్తాను. అంతే చాలు."

"అంతే సాలదు" అన్నాడు. "దారిలో బండాగిపోతే గార్డేటి సేస్తాడో తెలుసా నీకు? ఎర్రజెండా ఒట్టుకుని ఎనక్కి నడుస్తాడు. పట్టాల మీద పటాకులు పెట్టుకుని వస్తాడు, ఎనకొచ్చే బండికి అవి పేలి తెలవాలని. వానైనా ఎండైనా గార్డే నడవాల. నా బదులు నిన్ను నడిపించీమంటావేటమ్మా?"

ఆదివారం ఎనిమిదింటికి ఆయనే హాలు తలుపు తీశాడు. అందరూ కూర్చున్నాక లేచి నిలబడి, తన జబ్బు పేరు చెప్పాడు, సూది సంగతి చెప్పాడు. కాగితం చూడలేదు. తర్వాత నేను లేచి నా వంతు చెప్పాను.

"కామెర్ల జబ్బే కదా, పసరు పోయించుకుంటే పోద్ది" అన్నారు వెనక నుంచి ఒకాయన. పసరుతో పోదని, చాలామందికి కళ్ళు పచ్చబడకుండానే లోపల ఉండిపోతుందని, పెద్దవయసులో ఒంట్లో ఓపిక తక్కువ కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాలని చెప్పాను. క్రిమి, లివర్, యాంటీబాడీ అంటూ ఏదేదో మాట్లాడాను. ముఖాల్లో ఏమీ మారలేదు. చివరికి విసుగొచ్చి పెన్ను పైకెత్తి, "ఇది ఎంగిలి పెన్ను. నోటి ఎంగిలి కాదు, నెత్తురు ఎంగిలి. కడిగినా పోదు" అన్నాను.

సూరమ్మత్త పరీక్ష కోసం అలవాటుగా చాచి ఉంచిన చేతిని గబుక్కున చీర కొంగులో దాచుకుంది. "ముందే ఆ మాట అనొచ్చు కదే!" అంది నా మీద కోపంగా.

అమ్మాయిలూ, ఇది రాసుకోండి. నేను చదివిన చదువంతా చేయలేని పనిని ఆ ఒక్క మాట చేసింది. ఎదుటివాళ్ళకి పుట్టినప్పటి నుంచి తెలిసిన జాగ్రత్త ఏదో ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోండి. కానీ ఆ మాట ఎక్కడ ఆగాలో, అంటే నోటి ఎంగిలితో ఈ జబ్బు రాదని కూడా చెప్పండి. ఆ రోజు నేను చెప్పినా అది సరిగ్గా ఆగలేదు.

ఆరు నెలలు

హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ మూడూ కలిపి అందరికీ పరీక్షలు చేశాం. ఒక్కొక్కరికీ ఫలితం తివారీ సార్ విడిగా చెప్పారు. మొదటి విడతలో బాబాయ్‌కి తప్ప ఎవరికీ హెపటైటిస్ బి లేదు, మిగతా రెండూ ఎవరికీ లేవు. సూరమ్మత్తకి మాత్రం హెపటైటిస్ బి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి, ఒళ్ళే దాన్ని తరిమేసిన గుర్తులు కనిపించాయి. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా కచ్చితంగా చెప్పలేదు. ఆవిడకి ఇక భయం లేదు, టీకా కూడా అక్కర్లేదు. మిగతావాళ్ళకి అప్పుడే మొదటి టీకా వేశాం. ఆరు నెలలాగి మళ్ళీ పరీక్ష చేస్తేగానీ పూర్తిగా చెప్పలేమన్నారు సార్. ఆరు నెలలంటే ఎంతో నాకు తెలుసు.

ఎవరి పెన్ను వాళ్ళకి కొనిపించాను. ఒక్కోదాని మీద పేరు రాసి, ఎవరి సంచిలో వాళ్ళే పెట్టుకోవాలన్నాను. పక్కవాళ్ళ గోళ్ళ కత్తెర, షేవింగ్ బ్లేడు ముట్టుకోవద్దని, మంగలి దగ్గర కొత్త బ్లేడు కళ్ళముందు వేయించుకోమని చెప్పాను. పెద్దవయసులో టీకా కొందరికి సరిగా పట్టదు కాబట్టి మూడో డోసు తర్వాత పట్టిందో లేదో చూడాలని వెంటపడ్డాను. కొందరికి మళ్ళీ వేయాల్సి వచ్చింది. విసుక్కున్నారు, వేయించుకున్నారు.

కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు, టీ తాగితే రాదు. ఇది ప్రతి ఆదివారం చెప్పాను. అందరూ సరేనన్నారు. బాబాయ్ మాత్రం వినలేదు. ఇంటి నుంచి స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చుకుని, తలుపు పక్కన విడిగా కూర్చుని తినేవాడు. నేను దగ్గరికెళ్ళి మందలిస్తే, "తెలుసమ్మా. జాంచ్ అయిపోనీ, రిపోర్టులు రానీ" అనేవాడు. ఆయన్ని చూస్తే నేను వేరుగా పెట్టుకున్న నా కంచం గుర్తొచ్చేది. తెలిసినంత మాత్రాన భయం పోదు, ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు?

రెండో విడత రిపోర్టులు ఒక శనివారం వచ్చాయి. ఒక్కో కాగితం చూసి పక్కన పెట్టాను. ఇరవై ఒకటీ అయ్యాక మొదటి నుంచి మళ్ళీ చూశాను. తర్వాత తలుపేసుకుని, ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. అంత తేలికైన రోజు నా ఉద్యోగంలో మరొకటి లేదు. బాబాయ్ ఒంట్లో క్రిమి చాలా తక్కువ ఉందని, అది మా అదృష్టమని తివారీ సార్ అన్నారు. అదృష్టమే. మా జాగ్రత్త వల్ల కాదు, మా తెలివి వల్ల అసలే కాదు. ఇంకో కాలనీలో ఇదే పెన్ను ఇంకోలా ముగిసి ఉండేది. మీరు అదృష్టం మీద పెన్ను నడపకండి.

మర్నాడు హాల్లో అందరి కాగితాలూ విడివిడి కవర్లలో పెట్టి ఎవరివి వాళ్ళకిచ్చాను. విప్పినవాళ్ళు విప్పినట్టే పక్కవాళ్ళకి చూపించుకున్నారు. బాబాయ్ తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. ఆపరేషన్ అయిన కన్ను బాగా కనిపిస్తోంది, అయినా దగ్గరికి రాకుండా నా ముఖమే చూస్తున్నాడు.

"ఎవులికైనా..." అన్నాడు.

"ఎవరికీ లేదు బాబాయ్. ఒక్కరికి కూడా లేదు."

ఆయన తలుపు పట్టుకుని మెల్లగా కూర్చుండిపోయాడు. ఇడ్లీలు వడ్డిస్తున్నారు. ఆయన అలవాటుగా తన టిఫిన్ డబ్బా తీసి మూత తెరిచాడు.

సూరమ్మత్త తన ప్లేటు పట్టుకుని లేచింది. మోకాళ్ళ నొప్పితో గోడ పట్టుకుంటూ తలుపు దాకా నడిచి, ఆయన పక్కన చతికిలబడింది.

"నాకూ ఎప్పుడో వచ్చి పోనాదంట తమ్ముడూ" అంది అందరికీ వినపడేలా. "నీ సూది వల్లో, నా పురుళ్ళు పోసిన మంత్రసాని వల్లో ఎవులికి తెలుసు? పోనాది గదా."

ఆవిడ అప్పటికే తన ఇడ్లీ సగం తినేసి ఉంది. మిగిలిన సగాన్ని వేళ్ళతో తుంచి, చట్నీ అద్ది, ఆయన డబ్బాలో పెట్టింది.

"తిను" అంది.